కొండెక్కిన పాత బండి

ఆ ఇంట్లో వేసవి వచ్చిందంటే వడియాలు ఆరేది మేడ మీద కాదు... కారు బానెట్ మీద!

విజయవాడ పటమటలో ఓ ఇంటి ముందు నాలుగేళ్లుగా కదలకుండా నిలబడిపోయిన టాటా సఫారీ అది. 2008లో కొన్నారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న మోడల్. తిరుపతి, శ్రీశైలం, అమ్మాయి పెళ్లి పనులు, మనవడి అన్నప్రాశన... అన్నిటికీ అదే. 2020 లాక్‌డౌన్‌లో ఆగింది. ఆ తర్వాత ఇంటి పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇక స్టీరింగ్ పట్టలేదు. 2023లో పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువూ తీరిపోయింది. తుక్కు వ్యాపారి వచ్చి చుట్టూ ఓసారి తిరిగి చూశాడు. ‘‘ఇది కొండెక్కేసింది సార్, తూకానికి ఇచ్చేయండి’’ అన్నాడు.

ఆ మాట పెద్దాయనకు ఎక్కడో తగిలింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఫోన్ చేసి చెప్పాడు. ‘‘అమ్మకు నాన్నా... నిజంగానే కొండెక్కిద్దాం’’ అన్నాడతను. ‘‘ఆ డబ్బేదో పెడితే స్నానాలగదికి టైల్స్ అయినా వస్తాయి’’ అని అమ్మ గొణిగింది. కానీ అప్పటికే తండ్రీకొడుకులు ఒకటైపోయారు.

సఫారీ 1998లో మార్కెట్లోకి వచ్చింది. టాటా మొబైల్ పికప్, సియెర్రా, ఎస్టేట్... వీటన్నిటితో కలిపి ఒకే తల్లి బిడ్డ. లారీకి ఉన్నట్టే కింద నిచ్చెన లాంటి ఛాసిస్, దానిమీద బాడీ. 2019లో ఆ పాత సఫారీ తయారీ ఆగిపోయింది. 2021లో అదే పేరుతో వచ్చింది వేరే బండి. దానికి ఛాసిస్ విడిగా ఉండదు, ముందు చక్రాలే తిరుగుతాయి. కొండదారులు తిరగాలనుకునేవాళ్లు పాతదాన్ని వెతుక్కునేది ఇందుకే.

బండిని జవహర్ ఆటోనగర్‌కు లాక్కెళ్లారు. అబ్బాయి ఫోన్‌లో పెద్ద జాబితాతో దిగాడు. రెండంగుళాల లిఫ్ట్, పెద్ద టైర్లు, ముందు ఇనుప బంపర్, పైన వరసగా లైట్లు, విండ్‌షీల్డ్ పక్కన గాలిగొట్టం. షెడ్డు మేస్త్రి ఆ ఫోన్ వైపు చూడనైనా లేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని బండి కిందికి దూరాడు. ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోయాడు. టంగుమంటే ఇనుము బతికున్నట్టు. డొల్లగా మోగితే లోపల తుప్పు తినేసినట్టు. ఛాసిస్ బాగానే ఉంది. వెనక చక్రాల పైన, కాళ్లకింద మ్యాట్ల అడుగున మాత్రం రేకు చేత్తో నొక్కితే రాలిపోతోంది. ఎప్పుడో కారిన వాననీరు మ్యాట్ కింద చేరి ఏళ్లపాటు అలాగే ఉండిపోయిందన్నమాట. పాత బండి కొనాలనుకునేవాళ్లు పైన పెయింటు మెరుపు కాదు, ముందు మ్యాట్ ఎత్తి చూడాలి.

‘‘ఎక్కడం సంగతి తర్వాత బాబూ. ముందు ఇది ఆగాలి’’ అన్నాడు మేస్త్రి.

ఆగడమంటే బ్రేకులు. బ్రేక్ ఆయిల్‌కు గాల్లోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులో నీటిపాలు పెరుగుతుంది. ఊళ్లో తిరిగినంతకాలం తెలియదు. ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే ఆ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. పెడల్ నేలకు అంటుకుపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఆయిల్, రబ్బరు పైపులు, ప్యాడ్లు అన్నీ మార్చేశారు. డీజిల్ ట్యాంకు దించితే అడుగున జిగురు మడ్డి. హెడ్‌లైట్ల వెనక వైర్లను ఎలుకలు కొరికేశాయి. రేడియేటర్ పైపులు, సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు... రబ్బరన్నది ఏదీ మిగల్లేదు. రబ్బరు టైమింగ్ బెల్టు ఉండే ఇంజిన్ అయితే ఇన్నేళ్లు నిలబెట్టాక అదీ మార్చాల్సిందే. అది తెగితే వాల్వులు వంగి ఇంజిన్ ఖర్చు తలకెత్తుతుంది.

టైర్లు చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి. కానీ టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, అదే దాని పుట్టినతేదీ. 2213 అని ఉంటే 2013లో ఇరవై రెండో వారంలో తయారైందని. గాట్లు మిగిలున్నా అంత పాత రబ్బరును నమ్మకూడదు.

అసలు పరీక్ష ఫోర్ వీల్ డ్రైవ్ దగ్గర వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద నాబ్ తిప్పితే లైటు మినుకుమని ఆరిపోతోంది. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ఆయిల్ తీశారు. ‘‘పాలు కలిసిన కాఫీలా వస్తే నీళ్లు చేరినట్టు. ఇది డికాక్షన్‌లా ఉంది. పాతబడిందంతే, బతికిపోయారు’’ అన్నాడు మేస్త్రి. గేరు మార్చే చిన్న మోటారు కనెక్షన్లు తుప్పు పట్టాయి. శుభ్రం చేస్తే పనిచేసింది. నెలకోసారైనా మట్టిరోడ్డు మీద ఫోర్ వీల్ వేసి కాస్త నడిపి ఉంటే ఈ గొడవే ఉండేది కాదట! తారురోడ్డు మీద మాత్రం వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. ఈ రకం బండ్లలో రెంటినీ కలిపి బిగించేస్తే ఆ తేడా అంతా గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది.

ఇక అబ్బాయి జాబితా! లిఫ్ట్ దగ్గర వాదన గట్టిగానే జరిగింది. ఈ సఫారీకి ముందువైపు స్ప్రింగులకు బదులు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగే ఇనుప కడ్డీలు ఉంటాయి. బోల్టు బిగిస్తే ముందుభాగం పైకి లేస్తుంది. పైసా ఖర్చు లేదు. కానీ చక్రం కిందికి దిగే వెసులుబాటు తగ్గుతుంది, యాక్సిల్ జాయింట్లు వంకరకోణంలో తిరిగి అరుగుతాయి. ఎత్తు పెరిగితే వాలులో పక్కకు ఒరిగే ప్రమాదమూ ఎక్కువే. చివరికి వెనక కుంగిపోయిన స్ప్రింగులు మార్చారు. కొలిచి చూస్తే ఒకటింబావు అంగుళం లేచింది. కొత్తగా పెంచిందేమీ కాదు, పదహారేళ్లలో పోగొట్టుకున్నదే!

ఇనుప బంపర్‌ను చట్టమే కొట్టేసింది. అలాంటి బుల్‌బార్లు వద్దంటూ కేంద్రం 2017 డిసెంబరులోనే ఆదేశాలిచ్చింది. గుద్దుకుంటే ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు, ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో అవి సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అందుకే టైర్లు కంపెనీ సైజులోనే, మట్టికీ తారుకూ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం వేశారు. ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా ఓ మందపాటి ఇనుప పలక, సాగే రికవరీ తాడు, పార, టైర్లలో గాలి నింపే చిన్న కంప్రెసర్... కొత్త హంగులంటే ఇవే. పైలైట్లు రాలేదు. గాలిగొట్టమూ రాలేదు. వాగులో దిగనివాడికి అదెందుకన్నాడు మేస్త్రి.

ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే ఎక్కువ పనికొచ్చింది పెద్దాయన డైరీ. 2008 నుంచీ పోయించిన ప్రతి లీటరు డీజిలూ, మార్చిన ప్రతి బేరింగూ అందులో తేదీతో సహా ఉన్నాయి. క్లచ్ ప్లేటు ఎప్పుడు వేశారో ఆయన పేజీ తిప్పి చూపిస్తే, మేస్త్రి గేర్‌బాక్సు దించకుండానే వదిలేశాడు. ఆ ఒక్క పేజీతో బోలెడు కూలి మిగిలింది.

తర్వాత ఆర్టీఓ ఆఫీసు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పైన గ్రీన్ ట్యాక్సు, ఆలస్యానికి జరిమానా. బ్రేకులు, లైట్లు, పొగ చూసి మరో అయిదేళ్లకు పచ్చజెండా ఊపారు.

2024 నవంబరులో అమ్మానాన్నలను ఎక్కించుకుని అబ్బాయి మారేడుమిల్లి బయల్దేరాడు. అక్కడినుంచి గుడిస గడ్డికొండల మీదికి. చివరి దారంతా రాళ్లూ మట్టీ. అద్దె జీపులు తప్ప మామూలు కార్లు ఎక్కలేవు. ముందురోజు వాన పడింది. ఓ వంపులో బండి బురదలో దిగబడింది. అబ్బాయి ఎక్సలేటర్ తొక్కేకొద్దీ చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోపలికి పోతున్నాయి. వెనక సీట్లో అమ్మ ఆంజనేయ దండకం అందుకుంది.

‘‘కాలు తియ్‌రా ముందు’’ అన్నాడు పెద్దాయన. ‘‘టైర్లలో గాలి సగానికి తగ్గించు.’’

గాలి తగ్గితే టైరు పరుచుకుని నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. నాలుగు టైర్లకూ ఇరవైకి దించారు. బండి న్యూట్రల్‌లో పెట్టి నాబ్‌ను ఫోర్ లో వైపు తిప్పారు. మొదటి గేరు, ఎక్సలేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు. సఫారీ ఓసారి మూలిగింది. నింపాదిగా, మనిషి నడకంత వేగంతో పైకి పాకింది. దిగేటప్పుడూ అదే గేరు, బ్రేకుతో పెద్దగా పనే పడలేదు. తారురోడ్డు రాగానే కంప్రెసర్‌తో మళ్లీ గాలి నింపుకున్నారు. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలిపోతుంది మరి.

ఏసీ పని ఇంకా మిగిలే ఉంది. సంక్రాంతి తర్వాత తెమ్మన్నాడు మేస్త్రి. వడియాలకు వేరే చోటు చూసుకోవాలని అమ్మకు అర్థమైపోయింది. పెద్దాయన ఆ రాత్రే డైరీ తీసి రాశాడు... ‘‘గుడిస. గాలి 20. అబ్బాయి నడిపాడు.’’