సి గ్రేడు చెప్పని సంగతి

ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఐదేళ్లలో ప్రాథమిక బడి ముగించి ఆరో తరగతికి వెళ్తుంది. హాజరు పట్టీలో పేరు ఏటా ఒక తరగతి ముందుకు జరుగుతుంది. చదువు కూడా అంతే ముందుకు జరిగిందా అన్నది వేరే ప్రశ్న. తిరువూరు ప్రాంతంలోని వినగడప వంటి ఊళ్లలో పొద్దున్నే మిరప కోతకో, పత్తి తీతకో వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లిదండ్రులకు ఆ తేడా కనిపించడం కష్టం. బడి నుంచి వారి చేతికి వచ్చేది ఒక ప్రగతి పత్రం, దాని మీద ఒక అక్షరం.

ఆ అక్షరం ఏం చెబుతోంది? ఏ ప్లస్ వస్తే సంతోషిస్తాం, సి వస్తే బిడ్డను కోప్పడతాం. కానీ తెలుగులో సి వచ్చిన బిడ్డకు వత్తులు రావా, గుణింతం రాదా, అసలు అక్షరాలే గుర్తుపట్టలేదా? లెక్కల్లో వెనుకబడిన పిల్లవాడికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం తెలియదా, పదుల స్థానమే తెలియదా? ఒక్కో లోటుకు ఒక్కో మందు ఉంది. గ్రేడు మాత్రం అన్నిటినీ ఒకే అక్షరం కింద మూసేస్తోంది.

ఇది చిన్న సమస్య కాదు. 2024 అసర్ సర్వే ప్రకారం, గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 44.8 శాతం. 2022 కంటే ఇది మెరుగే. అయినా సగానికి పైగా పిల్లలు తమకు చదవరాని పుస్తకాలు మోసుకుని ఆరో తరగతికి వెళ్తున్నారు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చాలంది. వెనుకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా తప్పించకూడదని, పిల్లల ప్రగతిని నిరంతరం మూల్యాంకనం చేయాలని కూడా చెప్పింది. వీటిలో తప్పించకపోవడం అన్ని చోట్లా అమలైంది. ప్రత్యేక శిక్షణ చాలాచోట్ల కాగితం దాటలేదు. 2019లో చట్టాన్ని సవరించి 5, 8 తరగతుల చివర పరీక్షకు వీలు కల్పించారు. తప్పినవారికి రెండు నెలల్లో మరో అవకాశం ఇచ్చి, అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. 2024 డిసెంబరులో కేంద్రం ఇందుకు నిబంధనలు ప్రకటించింది. తమ బడుల్లో ఏం చేయాలన్నది రాష్ట్రాల ఇష్టం.

తప్పించడం ఈ జబ్బుకు మందు కాదని మేము భావిస్తున్నాం. రెండో తరగతిలో తప్పిన అడుగుకు ఐదో తరగతి చివర శిక్ష వేస్తే ఆ అడుగు సరికాదు. అదే పాఠం అదే తీరున మరో ఏడాది వినిపిస్తే అది బిడ్డకు అర్థమవుతుందన్న హామీ లేదు. పేదింట్లో ఒక్కసారి తప్పిన ఆడపిల్లను బడి మాన్పించి పొలానికి తీసుకెళ్లడానికి పెద్ద కారణం అక్కర్లేదు. అలాగని చదవడం రాకుండానే పై తరగతికి నెట్టడం కూడా దయ అనిపించుకోదు.

మరి పరీక్షలు పెంచితే సరిపోతుందా? ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పాఠశాలల్లోనే జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో వివరమైన నివేదికలు ఉపాధ్యాయులకు అందజేశారు. అంతమాత్రాన పిల్లల చదువు మెరుగుపడలేదు. జ్వరం ఎంత ఉందో కొలిచి మందు ఇవ్వకపోతే రోగి కోలుకోడు కదా!

మందు ఏమిటో కొంతవరకు తెలుసు. తరగతిని పక్కనపెట్టి, రోజులో ఒక గంటో రెండు గంటలో పిల్లలను వారి వారి చదువు స్థాయిని బట్టి కూర్చోబెట్టి నేర్పే పద్ధతిని ప్రథమ్ సంస్థ రూపొందించింది. 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దాని ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా ప్రథమ్‌తో కలిసి 3 నుంచి 5 తరగతులకు ఈ పద్ధతిని తెచ్చింది. అరవై మంది లోపు పిల్లలుంటే చట్టం ప్రకారం ఇద్దరే ఉపాధ్యాయులు. అంటే చిన్న ఊళ్లలో ఐదు తరగతులు ఎలాగూ కలిసే కూర్చుంటున్నాయి. ఆ కూర్చోబెట్టడమేదో స్థాయిని బట్టి చేస్తే అదనంగా అయ్యే ఖర్చు పెద్దగా లేదు.

అయితే ఒక భయం ఉంది, అది న్యాయమైనదే. గుంపు ముద్రగా మారితే? చదువు ఆలస్యంగా అందిన కుటుంబాల పిల్లలే చివరి గుంపులో చేరితే, ఊళ్లో ఉన్న హద్దులే తరగతి గదిలోనూ గీసినట్టవుతుంది. పాలెంలో పుట్టి ఆ హద్దులను అనుభవించిన పెద్దలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. అందుకే గుంపు తాత్కాలికంగానే ఉండాలి. కొన్ని వారాలకోసారి పరీక్షించి, నేర్చినవారిని పైకి పంపాలి. మిగతా సమయమంతా పిల్లలందరూ కలిసే కూర్చోవాలి.

2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. అలాంటి సమావేశం మళ్లీ జరిగినప్పుడు గ్రేడు చూసి సంతకం పెట్టి రాకండి. మా బిడ్డ ఏం చదవగలదు, ఎక్కడ ఆగింది, ఆమెను ముందుకు తేవడానికి రోజూ ఎంతసేపు కేటాయిస్తున్నారు అని మర్యాదగా అడగండి. చదువురాని తల్లి కూడా అడగగల ప్రశ్నలివి.

సంఘాలకూ ఒక మాట. సండే స్కూలులో వాక్యం కంఠతా చెప్పిన బిడ్డను చప్పట్లతో మెచ్చుకుంటాం. అదే బిడ్డ చేతికి బైబిలు ఇచ్చి, ఎన్నడూ వినని వాక్యం చదవమంటే చదవగలదా? నలుగురిలో కాదు, పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చదవలేకపోతే ఆ బిడ్డను నిందించకండి. వారమంతా సాయంత్రాలు ఖాళీగా ఉండే మన మందిరాల్లో ఒక దీపం, ఒక చాప, చదువుకున్న ఒక యౌవనస్థుడు గంటసేపు ఉంటే చాలు. బడి చేయవలసిన పని బడే చేయాలి, ఆ మాట గట్టిగా అడుగుదాం. అంతవరకు మన గుమ్మంలో ఉన్న బిడ్డను వదిలేయకుందాం.