ముందేది? వెనకేది?

తెలుగులో పనుల వరస క్రియలోనే ఉంది. "కడిగి, తరిగి, వండి, వడ్డించింది" అంటే చాలు. మధ్యలో "తరువాత" అనే మాటతో పని లేదు. వ్యాకరణంలో దీన్ని క్త్వార్థకం అంటారు. ఏళ్ల తరబడి క్లాసులో ఇది చెబుతున్నాను గాని, దీని ఖరీదెంతో తెలిసింది మాత్రం బెజవాడ ఆటోనగర్‌లో, మా మేనల్లుడి లేతు షాపులో.

గేరు తొడిగే ఇరుసు ఒకటి తీసుకోండి. ముందు రెండు కొసలూ చదును చేసి, నడిమిని సెంటరు గుంటలు వేస్తారు. తక్కిన కొలతలకు అవే ఆధారం. ఆపైన మోటుగా చెక్కి, నునుపుగా చెక్కి, కీ గాడి తీసి, కొలిమిలో కాల్చి, చమురులో ముంచి గట్టిపరచి, ఆఖరున సానరాయితో తుది కొలతకు తెస్తారు. గట్టిపడ్డ ఉక్కు మామూలు ఉలికి లొంగదు. పైగా ఆ వేడికి కాస్త వంకర పోతుంది. అందుకే సాన చివర. ఒకసారి కొత్త కుర్రాడెవరో గాడి తీయకుండానే ముక్కల్ని కాల్పుకు పంపాడట. "మామయ్యా, నాలుగు రోజుల కూలి తుక్కులో పోసినట్టయింది" అన్నాడు మావాడు.

తెలిసినవాళ్లకు ఇందులో కష్టమేముంది అంటారా? పది పనుల్ని 36,28,800 రకాలుగా వరస పెట్టవచ్చు. తప్పనిసరి నియమాలు చాలా వరసల్ని కొట్టివేస్తాయి. మిగిలినవాటిలో ఏది చౌక అన్నదే అసలు లెక్క. పెట్టెలాంటి ముక్కకు మూడు ముఖాలు, ప్రతి ముఖానికీ నాలుగు సైజుల బెజ్జాలు అనుకోండి. ముక్కను తిప్పి బిగించడానికి 10 నిమిషాలు, డ్రిల్లు తొడగడానికి 1 నిమిషం. సైజు వారీగా పోతే, ఎంత తెలివిగా తిప్పినా 9 బిగింపులు, 4 తొడుగుళ్లు: 94 నిమిషాలు. ముఖం వారీగా పోతే 3 బిగింపులు, 10 తొడుగుళ్లు: 40 నిమిషాలు. బెజ్జాలు అవే, కూలి వేరు!

ఈ లెక్క ఇప్పుడు కంప్యూటర్లూ వేస్తున్నాయి. సంతోషమే. కాని ఏది తప్పనిసరో, ఏది సౌకర్యమో ముందుగా మనిషే చెప్పాలి గదా! షాపు గోడకు అంటించిన కాగితంలో వరస ఉంటుంది, కారణం ఉండదు. యంత్రం ఒకటి చెడిననాడు ఏ రెండు పనులు తారుమారు చేయవచ్చో తల నెరిసిన మేస్త్రిగారికే ఎరుక. ఆయన పని మానితే ఆ ఎరుకా ఆయన వెంటే పోతుంది.

అందుకని మావాణ్ణి ఒకటే కోరాను: ప్రతి పని పక్కనా "ఎందుకంటే" అని ఒక వాక్యం రాయించమని. మేస్త్రిగారు చెబుతున్నారు, కుర్రాడు రాస్తున్నాడు. ఇప్పటికి ఏడో పనికి వచ్చారు.