ఫోన్లో మనసు వైద్యం: మొదటి రోజు ఎలా ఉంటుంది?

కాలు నొప్పయితే ఆదోనికో కర్నూలుకో పోతాం. మనసు బాగాలేదంటే మాత్రం "పిచ్చా?" అంటారేమోనని హాలహర్వి దాటం. ఇప్పుడు ఇంట్లో నుంచే వీడియోలో మాట్లాడవచ్చు.

ముందు ఫీజు, చదువు అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్.సి.ఐ. రిజిస్ట్రేషన్ నంబరుంటుంది; మొహమాటం లేకుండా అడగండి. మందులు రాసేది సైకియాట్రిస్టు. మీరు చెప్పింది ఈ ఇద్దరూ గుట్టుగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది; ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటివి వేరు.

మొదటి రోజు సుమారు ముప్పావుగంట పడుతుంది. నిద్ర, ఆకలి, ఇంటి సంగతులు, వాడిన మందులు అడుగుతారు. మీరున్న చోటు, దగ్గరివాళ్ల ఫోన్ నంబరు అడిగితే కంగారు పడకండి, అది మీ క్షేమానికే. ఏడుపొస్తే ఏడవండి. ఒక్కరోజుకే బరువు దిగిపోదు. నాలుగైదు సార్లయినా మనసు కుదరకపోతే వేరేవాళ్లను చూసుకోవచ్చు, తప్పులేదు.

ఇంట్లో అందరూ ఉంటే మిద్దె మీదికి పోయి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడండి. సిగ్నల్ పోతే ఏం చేయాలో ముందే అనుకోండి.

ఫీజు కట్టలేనివాళ్లకు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఏ అపాయింటుమెంటు కోసమూ ఆగకండి. వెంటనే ఆ నంబరుకు చేయండి, పక్కనున్నవాళ్లకూ చెప్పండి.