పూతలో పట్టిన పురుగు

2021-22 పంటకాలమున గుంటూరు, ప్రకాశము మండలముల మిరపచేలను నల్లతామరపురుగు పట్టిన సంగతి మన రైతులు మరచియుండరు. ఆ పురుగు గుంపులుగా పూవులలో చేరి, పిందె కట్టకమునుపే పూతను రాల్చినది. ఏపుగా పెరిగిన చెట్లు నిలిచియే యున్నవి, కాపు లేకపోయినది. నీరు గట్టి, ఎరువు వేసి, అప్పులు తెచ్చి పెట్టుబడి పెట్టి, కోతనాటికి చేతులు ముడుచుకొని కూర్చున్న రైతు దుఃఖ మెట్టిదో ఈ సీమవారికి చెప్పనక్కరలేదు. మన కళాశాలల క్రీడారంగమునను అట్టి నష్టమే సంభవించుచున్నది. తల్లిదండ్రుల యాశయై, ఊరి గర్వమై పెరిగిన యువకుడు పూతదశలోనే రాలి నేరస్థుల బోనులో నిలుచుచున్నాడు. రాలిన పూవును తిట్టి యింటికి పోవుట సులభము. పురుగు నెవరు పెంచిరని విచారించు భారము మాత్రము మనపై నున్నది.

మొదట లోకవిదితమైన యొక యుదాహరణము చూతము. శ్రీకాకుళమండలపు పల్లెలో బుట్టి, ఆంధ్ర రంజీజట్టువర కెగబ్రాకిన క్రికెట్టు ఆటగా డొకడు కలడు. ఎం.బి.ఏ. చదివినవాడు. 2016వ సంవత్సరమున అభ్యాసపు వలలనడుమ 82 గంటలు బ్యాటు పట్టి నిలిచెనని పత్రికలు వానిని కొనియాడినవి. జట్టులో చోటు పోయిన పిమ్మట ఆ పత్రికలే వానిని గూర్చి వేరు వార్తలు ప్రకటింపవలసివచ్చినది. మన గుంటూరు బిడ్డయు, భారతజట్టు ఎంపికసంఘమునకు అధ్యక్షుడుగా నుండినవాడునగు శ్రీ ఎం.ఎస్.కె. ప్రసాదుగారి పేరు చెప్పి వర్తకసంస్థలను ధన మడిగెనని యొక నేరారోపణ. తెలంగాణమంత్రి కార్యదర్శి నని నటించెనని 2021లో హైదరాబాదు పోలీసులు పట్టిరి. ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి ఆంతరంగిక కార్యదర్శి నని పలికి, ఒక విద్యుత్పరికరముల సంస్థనుండి 12 లక్షల రూపాయలు రాబట్టెనని 2023 మార్చిలో ముంబయి సైబరుపోలీసులు పట్టిరి. వాని పేరు మే మిచ్చట వ్రాయుటలేదు. నేరము మోపుట పోలీసుల పని, తేల్చుట న్యాయస్థానముల పని. పత్రిక ఆ రెండు పనులును నెత్తి కెత్తుకొనరాదు.

అయిన నొక విషయము పాఠకులు గమనింపవలయును. సంస్థల కెరగా చూపబడినది ఏమి? వర్ధమాన క్రీడాకారునకు సాయము చేయుడను మాట. ముఖ్యమంత్రి కార్యదర్శి గొంతు ఫోనులో విని 12 లక్షలు పంపిన సంస్థ, నిజమైన ఆటగా డొకడు చిరిగిన బూట్లతో తన వాకిట నిలిచి పండ్రెండువే లడిగినచో ఇచ్చియుండునా? ద్వారపాలకుని దాటి లోని కైన పోనిచ్చియుండునా? ప్రతిభకు తెరువని తలుపు సిఫారసుకు తెరచుకొనునని మోసగాడు ఎరుగును. ఈ పాఠము వానికి ఏ దొంగలబడిలోను నేర్పలేదు. జిల్లాజట్టు ఎంపికనాడు, వసతిగృహమున చోటు వెదకుకొన్ననాడు, ఉద్యోగపు దరఖాస్తు పట్టుకొని తిరిగిననాడు, మన యూళ్ల ఆటగాం డ్రెల్లరు దానినే నేర్చుకొనుచున్నారు.

రెండవ యుదాహరణము మా వృత్తిలో మే మెరిగినది. కొన్నియేండ్ల క్రిందట పలనాటి ప్రాంతపు కౌలురైతు కొడు కొకడు మా కక్షిదారుడుగా వచ్చెను. ఇరువది యేండ్లు నిండలేదు. చెడుగుడు ఆటలో ఆ పిల్లవాడు పట్టిన పట్టు విడిపించుకొనినవారు లేరని చెప్పుకొనెడివారు. వాని కళాశాలకు వరుసగా రెండేండ్లు కప్పు తెచ్చినాడు. వార్షికోత్సవమునాడు వానికి పూలదండ వేసిన పెద్దమనిషియే, క్రికెట్టుపందెముల బాకీలు వసూలుచేయుటకు వానిని పిలిచెను. అప్పుపడిన యొక దర్జీని నడివీధిలో కొట్టి చేయి విరిచిన నేరమునకు పోలీసులు వానిని తెచ్చిరి. దండ వేసిన పెద్దమనిషి పేరు చార్జిషీటులో లేదు.

వాని తల్లి న్యాయస్థానపు వసారాలో మా చేతులు పట్టుకొని, “లాయరుబాబుగారూ, వీడు కాలేజీకి కప్పు తెచ్చినవాడండీ, ఆ మాట జడ్జిగారికి చెప్పండి బాబూ” అని యేడ్చినది. ఆ మాట చెప్పుటకు సాక్ష్యము కావలసి కళాశాలవారి నడిగితిమి. హాజరు చాలనందున ఆ విద్యార్థి పేరు కొట్టివేసితిమని వారు సెలవిచ్చిరి. చదువరులారా! రెండేండ్లపాటు తరగతిగది ముఖము చూడకున్నను ఆటపోటీలకై నిండుగా వ్రాయబడిన హాజరు, వాడు జైలుకు పోయిన వారమే చాలకపోయినది. పిల్లవాడు మాతో ననిన దొక్కమాట: “గ్రౌండులో పట్టుకోమన్నవాళ్లే బయటా పట్టుకోమన్నారు సార్. తేడా నా కెవరూ చెప్పలేదు.” మేము దానిని ఒప్పుకొనలేదు. తేడా చెప్పుటకు వేరొకరు కావలెనా? చేయి విరిగిన దర్జీ కేక చాలదా? కుట్టుపనివాని కుడిచేయి పోయిన పిదప వాని యింట పొయ్యి ఎట్లు రాజునని ఆ బలశాలి యొక్క నిమిషమైన తలపవలసినది. అయినను ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు; వాని మాటలో సగము మన యపరాధ మని తోచినది.

ఏమన, ఆటగానికి మనము మూడు పాఠములు నేర్పుచున్నాము. కప్పు తెచ్చువానికి నియమములు లేవనునది మొదటిది. వాడు తరగతికి రాకున్న హాజరు వేయుదురు, వసతిగృహమున తోటివాని తల పగులగొట్టిన పెద్దలు కూర్చుండి రాజీ చేయుదురు. పని జరుగుట పేరును బట్టి, పిలిచిన గొంతును బట్టి యనునది రెండవది. మోకాలు విరిగిననాడో, ఎంపికజాబితానుండి పేరు తొలగిననాడో, నీ వెవరో మే మెరుగమనునది మూడవది. మొదటి పాఠము వానిని పొగరుబోతును చేయును, రెండవది మోసమునకు త్రోవ చూపును, మూడవది వానిని ఆకలికి, అవమానమునకు అప్పగించును. చేతిలో పని లేదు, ఒంటిలో బలము కలదు, నిన్నటి చప్పట్లు చెవిలో మ్రోగుచున్నవి. అట్టివానికొరకు పందెముల వ్యాపారి వీధిచివర కాచుకొని యుండును.

ఆ వ్యాపారి నెవరు పోషించుచున్నారు? ఇచ్చట మేము మొగమాటము విడిచి వ్రాయవలసియున్నది. ఆంధ్రప్రదేశ జూదనిషేధచట్టము 1974 నాటిది. 2020లో దానిని సవరించి ఆన్‌లైను పందెములనుగూడ నిషేధించిరి. చట్టము పుస్తకములో నున్నది. పందెము టీకొట్టులో, మిర్చియార్డు గేటువద్ద, ప్రత్తివ్యాపారి గద్దెమీద, ఒక్కొక్కప్పుడు వకీళ్ల విశ్రాంతిగదిలో నున్నది. మన రాష్ట్రము నిషేధించిన డబ్బుటాటలను నడపు సంస్థయొక్క పేరే 2023 మొదలు 2025 ఆగస్టువరకు భారతజాతీయజట్టు రొమ్ములపై వెలసినది. ఆ నెలలో కేంద్రచట్టము వచ్చినపిమ్మట గాని ఆ పేరు తొలగలేదు. దేశపు చిహ్నము ధరించినవారి రొమ్మున నున్నదానిని పల్లెటూరి పిల్లవాడు పాపమని యెట్లనుకొనును? సాయంకాలము ఈ పత్రిక చదివి తల యూచి, రాత్రి ఓవరుకు వేయి చొప్పున పందెము గాయు పాఠకు డెవడైన నుండినచో, ఆ దర్జీ చేయి విరిచినవారిలో తానొక డని తెలిసికొనవలయును.

కొందరు మాపై రెండు ఆక్షేపణలు తేగలరు. తప్పంతయు సంఘముమీద త్రోసి నేరస్థుని వెనుకవేసికొనుచున్నా రని మొదటిది. అట్లు కాదు. ఢిల్లీ ఛత్రసాలు క్రీడాస్థలములో 2021 మే నెలలో సాగర్ ధన్‌ఖడ్ అను ఇరువదిమూడేండ్ల మల్లుడు దెబ్బలు తిని చనిపోయెను. ఆ నేరము బీజింగులో, లండనులో దేశమునకు పతకములు తెచ్చిన సుశీల్‌కుమారుపై మోపబడినది. తీర్పు న్యాయస్థానము చెప్పును. కాని 2025 ఆగస్టులో సుప్రీముకోర్టు ఆయన బెయిలును రద్దుచేయుటతో, ఎన్ని పతకము లున్నను బోను ముందర అందరు సమానులే యని దేశమున కంతకు తెలిసినది. చచ్చిన పిల్లవాడును ఆటగాడే. దెబ్బ తిన్నవానిని మరచి కొట్టినవాని భవిష్యత్తుకై కన్నీరు కార్చుట దయ యనిపించుకొనదు.

పిల్లవాని బ్రదుకు పాడుచేయక కప్పిపుచ్చినచో నేమి యనునది రెండవ యాక్షేపణ. దీనికి న్యాయవాదులుగా మే మియ్యగల సమాధాన మిది. దయ చట్టములోనే యున్నది. 1958 నాటి నేరస్థుల సత్ప్రవర్తనచట్టము 6వ విభాగము ప్రకారము, యావజ్జీవశిక్షకు తగని నేరములలో ఇరువదియొక్క యేండ్లలోపు వానిని, కారణములు వ్రాయనిదే, కారాగారమునకు పంపరాదు. 12వ విభాగము ప్రకారము, అట్లు విడువబడినవానికి శిక్షవలన గలుగు అనర్హత యంటదు. 2016లో అవతార్‌సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, చిన్నవయసులో చేసిన అల్పాపరాధమును ఉద్యోగ మిచ్చువారు క్షమాదృష్టితో చూడవచ్చు నని చెప్పినది. అయితే నిజమును దాచుటనుమాత్రము తేలికగా తీసికొనలేదు. చట్టపు దయ నిజము చెప్పు మనును. మన పెద్దల దయ అబద్ధ మాడు మనును. మొదటిది మనుష్యుని నిలుపును, రెండవది వానిని మరియొక నేరమునకు సిద్ధపరచును.

మా కక్షిదారు డట్టి చట్టముక్రిందనే విడుదలయ్యెను. కాని విచారణ మూడేండ్లు సాగినది. రైల్వేవారి క్రీడాకారుల నియామకమునుండి వచ్చిన పిలుపు ఆ నడుమ దాటిపోయినది. గుమాస్తా యుద్యోగికి మూడేండ్లు మూడేండ్లే. చెడుగుడు ఆటగానికి మూడేండ్లు ఆయువంతయు. అవకాశ మను మాటకు వాని జీవితములో నింత ఇరుకైన యర్థ మున్నదని పదునారేండ్లప్పుడే చెప్పు గురు వొక్కడు వానికి దొరకలేదు.

గురువు దొరకిన చోట నేమి జరిగినదో ఆ శ్రీకాకుళసీమయే సాక్ష్య మిచ్చుచున్నది. ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరి నీలంశెట్టి అప్పన్నగారి శిక్షణలో బరువు లెత్తి, 2000లో సిడ్నీ ఒలింపిక్సున 240 కిలోల మొత్తముతో కంచుపతకము గెలిచినది. వీరఘట్టపు కోడి రామమూర్తినాయుడుగారు ఏనుగును రొమ్మున నిలిపియు, ఆహారనియమమును విడిచినవారు కారు. ఇక మన చీరాలసంగతి చెప్పనేల? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు బలశాలురైన యువకులను రామదండుగా గూర్చిరి. వేలకొలది జనము ఇండ్లు విడిచి పదునొకండు నెలలు పందిళ్లలో నివసించినప్పుడు ఆ దండు సేవచేసినది. బలమునకు ముందు వారు నేర్పినది అదుపు. ఆ తరువాతనే కవాతు.

కనుక మేము కోరునది ఎక్కువ కాదు. కళాశాలాధికారులారా, ఆటగానికి దొంగహాజరు వేయకుడు. పోటీలవలన పోయిన పాఠములను సెలవులలో చెప్పించి పరీక్షకు కూర్చుండబెట్టుడు. వాడు తోటివానిపై చేయి చేసికొన్ననాడు కప్పును జూచి వెనుదీయక, జట్టునుండి తొలగించి, దెబ్బ తిన్నవాని యింటికి వానిని తీసికొనిపోవుడు. ధనికులారా, దండ వేయుట మాని, గాయపడిన యాటగానికి వైద్యమునకును, ఆట చాలించినవానికి ఒక పని నేర్చుటకును, లెక్కలు చూపి ధన మిండు. మిర్చియార్డులో బస్తాకు కాటా వేయకుండ కొనువా డున్నాడా? దానమునకు మాత్రము కాటా యేల వద్దు? తల్లిదండ్రులారా, కొడుకు చేతిలో కొత్త ఫోను, జేబులో నోట్లు కనబడినపుడు కప్పు తెచ్చినాడు గదా యని ఊరకుండక, ఎవ రిచ్చిరని యడుగుడు.

పఠనాలయమున కూర్చుండి దీనిని చదువుచున్న పురవాసులకు ఒక్కమాట. మీ యూరి కళాశాల మైదానము మీ యింటికి మైలు దూరములోనే యుండును. ఈ సాయంకాల మచ్చటికి పోయి, ఆడుచున్న పిల్లలలో ఒక్కని నైన పేరడిగి, ఏమి చదువుచున్నావు, రేపు కాలు విరిగిన నేమి చేయుదు వని యడుగుడు. వానికి జవాబు లేకపోయినచో, ఆ ప్రశ్న మన యూరిది. జవాబు మనము చెప్పనినాడు పందెములవాడు చెప్పును.