ముల్లు జరిపితే రోజా తగ్గుతుందా?

2023 రంజాన్ మొదట్లో లెబనాన్ దేశం రెండు గడియారాలతో నడిచిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఏటా మార్చి ఆఖరులో గడియారాన్ని గంట ముందుకు జరపడం అక్కడి ఆనవాయితీ. ఆ మార్పును రంజాన్ ముగిసేదాకా ఆపుతున్నామని ఆపద్ధర్మ ప్రధాని నజీబ్ మికాతీ సరిగ్గా రెండు రోజుల ముందు ప్రకటించారు. ఇఫ్తార్ ఏడింటికి కాక ఆరింటికే రావాలని కోరిక! స్పీకర్ నబీహ్ బెర్రీ ఈ మాట అడుగుతున్న వీడియో కూడా బయటపడింది. మారోనైట్ చర్చి ససేమిరా అంది. కొన్ని టీవీ ఛానళ్లు ముల్లు జరిపేశాయి. ఒకరికి ఆరైతే పక్కవాడికి ఏడు. తినడానికే కటకటగా ఉన్న దేశంలో గడియారం మతాల తగవైంది. చివరికి మార్చి 27న మంత్రివర్గం వెనక్కి తగ్గింది.

నిజానికి ఈ పద్ధతి ఏ మతం పెట్టింది కాదు. యుద్ధకాలంలో బొగ్గు ఆదా కోసం 1916 ఏప్రిల్ 30న జర్మనీ మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశమూ గంట ముందు నడిచింది.

రోజా ఫజర్ నుంచి మగ్రిబ్ దాకా. అది సూర్యుడి లెక్క. ముల్లు ఎటు తిప్పినా నిమిషం తగ్గదు. పని దిగి ఇంటికి చేరాక ఇఫ్తార్ కోసం ఎదురుచూసే వేళ మాత్రం కాస్త తగ్గుతుంది. కూలివారికి అదీ ఊరటే, మేము కాదనం. మొరాకో 2018లో ఏడాదంతా గంట ముందుండాలని నిర్ణయించినప్పుడు రంజాన్‌కు మినహాయింపు ఇచ్చింది. కాకపోతే అక్కడ ఆ సంగతి ముందుగానే చెబుతారు.