బొరియ తీసేసి సీసా ఇస్తే కుందేలు బతుకుతుందా?

శివరాత్రి దాటింది. చలి శివశివా అంటూ వెళ్ళిపోయిందని ఊళ్ళో పెద్దలు అనుకుంటారు. కుందేళ్ళు పెంచే రైతుకు మాత్రం దిగులు ఈ రోజు నుంచే మొదలవుతుంది. ఇక నాలుగు నెలలు రేకుల షెడ్డు కింద ఆ చిన్న ప్రాణాలను ఎలా కాపాడుకోవాలా అని ఆలోచన. సరిగ్గా ఇదే అదను చూసుకుని సీసాలవాళ్ళు ఊళ్ళలోకి దిగుతారు. 'పూర్తిగా ప్రకృతి సిద్ధం', 'మూలికలతో తయారు', 'ఎండదెబ్బకు తిరుగులేని టానిక్' అని రంగురంగుల కాగితాలు పంచుతారు. రైతు జేబులో డబ్బు పోతుంది, షెడ్డులో కుందేలూ పోతుంది. ఈసారి అలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా మా అనుభవం చెబుతాం. పోయిన మే నెలలో మా షెడ్డులో నలభై రెండు కుందేళ్ళు ఉన్నాయి. మా అనంతపురం వైపు మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఒకాయన వచ్చి లీటరు సీసా ఆరువందలని చెప్పి, నీళ్ళలో కలిపి పోయమన్నాడు. రెండు సీసాలు కొన్నాం. చెప్పినట్టే పోశాం. ఆ వారంలోనే వరసగా రెండు మధ్యాహ్నాలు వడగాలి కొట్టింది. పదకొండు చచ్చాయి. అందులో నాలుగు చూడివి. సీసా మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సీసాను తిప్పి తిప్పి చూశాం. అందులో ఏముందో, ఎవరు తయారు చేశారో, ఎప్పుడు తయారైందో ఒక్క ముక్క రాసి లేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే మా తప్పూ మాకు తెలిసింది. మా షెడ్డులో నీళ్ళు నల్ల పైపులో వస్తాయి. మధ్యాహ్నానికి ఆ పైపులో నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. ఆ నీళ్ళు కుందేలు తాగలేదు. తాగని నీళ్ళలో ఆరువందల మందు కలిపితే ఏం ఫలితం?

కుందేలు ఒళ్ళు ఎలాంటిది

మన చేలల్లో తిరిగే చెవులపిల్లిని అందరం చూశాం. దాన్ని పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కానీ దాని నడత చూసి నేర్చుకోవచ్చు. పగలంతా పొద చాటున కదలకుండా పడుకుంటుంది. పొద్దు గుంకాక మేతకు వస్తుంది. మనం పెంచే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా లాంటివి వేరే జాతి. వాటి పూర్వీకులు నేలలో బొరియలు తవ్వుకుని, పగటి ఎండను ఆ చల్లదనంలో గడిపేవి. మనం వాటిని తెచ్చి ఇనుప జాలీ బోనులో పెట్టి, నెత్తిన రేకు కప్పాం. బొరియ తీసేశాం. దాని బదులు సీసా ఇస్తున్నాం.

కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని చెవుల ద్వారా, వేగంగా ఊపిరి పీల్చడం ద్వారా వదులుకుంటుంది. దానికి హాయిగా ఉండేది దాదాపు 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటితే మేత తగ్గిస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది. 35 దాటితే తన వేడిని తానే అదుపు చేసుకోలేదు. మగ కుందేలుకు వేడి బాగా తగిలితే వీర్యం దెబ్బతిని, రెండు నెలల దాకా కట్టు నిలవదు. జూన్‌లో జత కట్టించినా పిల్లలు పడలేదని బాధపడే రైతు, అది మే నెల ఎండ చేసిన పని అని తెలుసుకోవాలి.

మన దక్షిణాదిలో కుందేళ్ళ మీద పని చేసే కేంద్ర పరిశోధన కేంద్రం తమిళనాడులో కొడైకెనాల్ కొండల మీద మన్నవనూరులో ఉంది. మంచి సంస్థే. కానీ ఆ కొండ గాలికి పెరిగిన కుందేలు వేరు, మన కదిరి ఎండకు నిలవాల్సిన కుందేలు వేరు. ఆ తేడాను పూడ్చే పని ఎవరూ చేయకపోవడం వల్లే సీసాలవాడికి సందు దొరికింది.

ఆకులో బలం ఉంది, అయితే దాని వరుస దానిది

ప్రకృతి సిద్ధమైన పోషకాలు పనికిరావని మేం అనడం లేదు. ఎండ ఎక్కువైనప్పుడు ఒంట్లో కణాలు దెబ్బతింటాయి. పచ్చి ఆకుల్లో ఉండే సి, ఇ విటమిన్లు, కెరోటిన్ ఆ దెబ్బను కొంత ఆపుతాయి. కుందేలు సి విటమిన్‌ను తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. మామూలు రోజుల్లో బయటినుంచి పెట్టక్కర్లేదు. వేసవిలో మాత్రం అది చాలకపోవచ్చు. అప్పుడు కొంచెం తోడు కావాలి. మనలాంటి వేడి దేశమైన ఈజిప్టులో కుందేలు మాంసం బాగా తింటారు. అక్కడి శాస్త్రవేత్తలు మునగాకు, నల్ల జీలకర్ర, స్పైరులినా, వెల్లుల్లి లాంటివి వేసవిలో కుందేళ్ళకు పెట్టి చూశారు. కొన్నింటిలో ఎదుగుదల, రోగనిరోధక శక్తి మెరుగయ్యాయి. అయితే వాళ్ళు పెట్టింది సరైన దాణా, చాలినంత నీరు ఉన్న కుందేళ్ళకు. కడుపు నిండని కుందేలుకు, వేడి నీళ్ళు తాగే కుందేలుకు చిటికెడు నల్ల జీలకర్ర ప్రాణం పోయదు.

మా దగ్గర ఏం దొరుకుతుందో చూద్దాం.

మునగాకు: గట్టు మీద నాలుగు చెట్లుంటే చాలు. ఎండిన మునగాకులో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే. నీడన ఆరబెట్టి పొడి చేసి దాణాలో కలపాలి. ఎండలో వేస్తే విటమిన్లు పోతాయి. మేం నూటికి ఐదు పాళ్ళతో మొదలుపెట్టి, పది దాటకుండా ఆపుతున్నాం.

మల్బరీ ఆకు: హిందూపురం, మడకశిర వైపు పట్టు రైతుల దగ్గర ఇది మిగులుతుంది. కుందేలు ఇష్టంగా తింటుంది. తోట నుంచి కోసిన తాజా ఆకే తేవాలి. పురుగుల పడకల్లో మిగిలిన ఆకు మీద సున్నం, రోగాల నివారణ పొడులు చల్లి ఉంటారు. అది కుందేలుకు పెట్టకూడదు.

దశరథ గడ్డి, లూసర్న్, అవిశాకు, గరిక: ఇవి రోజూ పెట్టే మేత. కోసిన వెంటనే కాకుండా కాస్త వాడాక పెట్టాలి. తడి ఆకు ఒక్కసారిగా ఎక్కువ పడితే పారుడు పట్టుకుంటుంది.

ఉసిరి: కాయలు దొరికే కాలంలోనే ఎండబెట్టి పొడి చేసుకుంటే వేసవికి ఉపయోగపడుతుంది. దాణాలో కొద్దిగా కలిపితే చాలు.

ఇక జాగ్రత్తలు. ప్రకృతి సిద్ధమైనంత మాత్రాన అన్నీ మంచివి కావు. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషం ఉంటుంది. ఎక్కువ పెడితే కుందేలుకు బొచ్చు రాలుతుంది. లేత జొన్న తిని నాము తగిలి పడిపోయే పశువులను మనం ఎరుగుదుం. కుందేలుకూ అదే ప్రమాదం. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బూజు పట్టిన వేరుశనగ చెక్క. మన జిల్లాలో చవగ్గా దొరికే బలమైన దాణా అదే. కానీ దానికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఆ విషాన్ని బొత్తిగా తట్టుకోలేని జీవాల్లో కుందేలు ఒకటి. కాలేయం దెబ్బతిని చస్తుంది. మనం ఎండదెబ్బ అనుకుని టానిక్ కొంటాం. చెక్కను చేత్తో విరిచి, వాసన చూసి, అనుమానం ఉంటే పారేయండి. పోయేది ఒక బస్తా. ఉంచితే పోయేది షెడ్డు.

ఇంకో మాట. కుందేలు పేగులో ఉండే సూక్ష్మజీవులే దానికి బి విటమిన్లు తయారు చేస్తాయి. అది తెల్లవారుజామున మెత్తటి పెంటికలను తిరిగి తినేది అందుకే. చూసి అసహ్యించుకోకండి, ఆపకండి. ఆ సూక్ష్మజీవులు చస్తే కుందేలు చస్తుంది. మేత ఉన్నట్టుండి మార్చకూడదు. వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. నోటి ద్వారా ఇచ్చే ఆంపిసిలిన్, లింకోమైసిన్ లాంటి మందులు కుందేలుకు ప్రాణాంతకం. ఏముందో రాయని సీసా అంటే మాకు భయం వేసేది ఇందుకే.

ఖర్చు లేనిది ముందు చేద్దాం

ఈ సంవత్సరం మేం పెట్టుకున్న వరుస ఇది. మొదట నీడ. రేకుల మీద సున్నం కొట్టి, పైన కొబ్బరి మట్టలు, బోద పరిచాం. పడమటి వైపు గోనె పట్టలు కట్టి పదకొండు గంటల నుంచి తడుపుతున్నాం. గాలి ఆడేలా తూర్పు వైపు తెరిచి ఉంచాం. గాలి ఆడని చోట తడిపితే ఉక్క పెరిగి మరింత ప్రమాదం. రెండోది నీళ్ళు. మధ్యాహ్నం పైపు కట్టేసి, మట్టి మూకుళ్ళలో కుండ నీళ్ళు పోస్తున్నాం. వేసవిలో పెద్ద కుందేలు రోజుకు అర లీటరు దాకా తాగుతుంది. పాలిచ్చే తల్లి లీటరు దాటుతుంది. మూడోది మేత వేళ. తెల్లవారకముందు కొంచెం, దీపాలు పెట్టాక ఎక్కువ. కుందేలు రాత్రి తినే జీవి, మన భోజనం వేళ దానికి పట్టదు. నాలుగోది, ఏప్రిల్ నడిమి నుంచి జూన్ వర్షం పడేదాకా జత కట్టించడం ఆపేశాం. ఈ నాలుగూ అయ్యాకే మునగాకైనా, ఉసిరి పొడైనా.

ఈ పని ఊరికే కాదని కూడా చెప్పాలి. ఆకు కోసేది, వాడబెట్టేది, రాత్రి మేత వేసేది, గోనెలు తడిపేది మన ఇళ్ళలో ఆడవాళ్ళే. సీసా కొంటే ఆరువందలని రాసుకుంటాం. వాళ్ళ కష్టాన్ని లెక్కలో రాయం. 'ప్రకృతి మేత ఖర్చు లేనిది' అనే మాట అబద్ధం. ఆ కూలి రాసుకుంటేనే కిలో మాంసానికి ఎంత ధర రావాలో మనం గట్టిగా అడగగలం.

ఇది ఒక్క సీసా సంగతి కాదు

కుందేళ్ళ రైతు మోసపోవడం ఇది మొదటిసారి కాదు. ఏడు ఆడ, మూడు మగ కలిపి ఒక యూనిట్ అని అమ్మి, పిల్లలన్నీ మేమే కొంటామని కాగితం రాసిచ్చి, డబ్బు కట్టించుకుని మాయమైనవాళ్ళను మనం చూశాం. అప్పుడు పిల్లలు అమ్మారు, ఇప్పుడు సీసాలు అమ్ముతున్నారు. రెండుసార్లూ జరిగింది ఒకటే. అధికారులు వదిలేసిన చోటుకు వ్యాపారి వచ్చి కూర్చున్నాడు.

కేంద్ర పశుసంపద మిషన్‌లో కోళ్ళు, గొర్రెలు, మేకలు, పందుల యూనిట్లకు 50 శాతం సబ్సిడీ ఉంది. 2024లో గుర్రాలు, గాడిదలు, ఒంటెలను కూడా చేర్చారు. సంతోషం. కుందేలు మాత్రం ఆ వరుసలో లేదు. పశుబీమా మార్గదర్శకాల్లో కుందేలు పేరు ఉంది, పదింటిని ఒక పశువుగా లెక్కించాలని రాశారు. కానీ మేం పదకొండు కుందేళ్ళు పోయాక వెళ్ళి అడిగితే 'కుందేలుకు బీమానా?' అని నవ్వారు. కాగితం మీద ఉన్న హక్కు కౌంటరు దగ్గరకు వచ్చేసరికి నవ్వులపాలైంది.

అందుకని మన సంఘం తరఫున ఈ నాలుగు అడగాలని మా ప్రతిపాదన.

ఒకటి, పశువులకు అమ్మే ప్రతి టానిక్ సీసా మీద అందులో ఏమేముందో, తయారీ తేదీ, తయారీదారు చిరునామా తెలుగులో ఉండాలి. బిల్లు లేకుండా అమ్మకూడదు.

రెండు, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు మన వేడి జిల్లాల్లో, రైతుల షెడ్లలోనే, మే నెలలోనే మునగాకు, మల్బరీ, ఉసిరి మీద ప్రయోగాలు చేసి ఫలితాలను తెలుగులో ఇవ్వాలి.

మూడు, బీమా కుందేలుకు కూడా అమలు కావాలి. సబ్సిడీ జాబితాలో దాన్ని చేర్చాలి.

నాలుగు, వేరుశనగ చెక్కలో బూజు విషాన్ని పరీక్షించే ఏర్పాటు రైతుకు అందుబాటులో, తక్కువ ఖర్చులో ఉండాలి.

అడగడంతో పాటు మనం చేయాల్సిందీ ఉంది. వచ్చే మండల సమావేశానికి కుందేళ్ళు పెంచే ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఒక నోటు పుస్తకం తీసుకురండి. రోజూ మధ్యాహ్నం షెడ్డులో వేడి ఎంత, ఏం మేత వేశారు, ఎన్ని నీళ్ళు తాగాయి, ఎన్ని పోయాయి, ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఇవి రాయండి. వర్షాలు పడ్డాక అందరి పుస్తకాలూ ఒకచోట పెట్టి చూద్దాం. ఏ ఆకు పనిచేసిందో, ఏ సీసా పనిచేయలేదో మన లెక్కలే చెబుతాయి. ఇంట్లో ఖాళీ సీసాలుంటే అవి కూడా పట్టుకురండి. కలెక్టరేట్‌కు వెళ్ళే రోజు వినతిపత్రంతో పాటు వాటిని కూడా బల్ల మీద పెడదాం.