ఇల్లు లేనోళ్ళను అడ్రసు అడిగే పట్నం

చలికాలం రాగానే హైదరాబాదులో దుప్పట్ల పంపకం మొదలైతది. ఫ్లైఓవర్ కింద పండుకున్న అవ్వను లేపుతరు, దుప్పటి కప్పుతరు, ఫోటో దిగుతరు, పోతరు. తెల్లారి పోలీసాయన వచ్చి అదే అవ్వను అక్కడి నుంచి లేపుతడు. దుప్పటి ఇచ్చినోడు గానీ లాఠీ పట్టినోడు గానీ అడగని మాట ఒక్కటే: అవ్వా, ఊరిడిచి ఇక్కడికెందుకొచ్చినవ్?

ఈ మాట అడగకుండా వేసిన ప్రణాళిక ఎంత పెద్ద ఆఫీసులో తయారైనా అది ప్రణాళిక కాదు, భిక్ష. మనం భిక్ష అడగడం లేదు.

ఫుట్‌పాత్ మీద పండేటోళ్ళు సోమరులు, తాగుబోతులు అని బంగళాల్లో కూసున్నోళ్ళు అంటరు. వాళ్ళను పొద్దుగాల లేబర్ అడ్డా మీదికి వచ్చి చూడమనండి. పాలమూరు నుంచి వచ్చిన మట్టిపని కూలీ, చిత్తుకాగితాలు ఏరే తల్లి, ఫంక్షన్ హాళ్ళలో అంట్లు తోమే పిల్లగాడు, వీళ్ళే రాత్రికి షాపుల మెట్ల మీద పండేది. అపార్ట్‌మెంట్లు కట్టేది వీళ్ళు. కట్టడం అయిపోయిన రోజే వాచ్‌మన్ వీళ్ళను గేటు బయటికి పంపుతడు.

వీళ్ళకు ఇల్లు ఎందుకు లేదు? భూమి లేదు గనుక. ఊర్లో ఒక్క గుంట లేనోడు కరువొస్తే మూట కట్టుకొని బస్సెక్కుతడు. అయ్య జాగాలో నలుగురు కొడుకులు గుడిసెలేసుకుంటే ఐదోవాడికి చోటుండదు. వాడలో జాగా లేదు, ఊర్లోకి రానియ్యరు. ఇల్లులేనితనం పట్నంలో పుట్టలేదు, మన వాడలో పుట్టి పట్నం చేరింది.

చేతిలో కిరాయి పైసలుంటే ఇల్లు దొరుకుతదా? ముందు పేరు అడుగుతరు, తర్వాత ఇంటిపేరు అడుగుతరు, ఆఖరుకు "మీరేమిట్లు?" అంటరు. చెప్పినంక "మావోళ్ళు వస్తున్నరు, ఇల్లు ఖాళీ లేదు" అంటరు. ఇది కొత్త ముచ్చట కాదు. విదేశాల్లో చదివొచ్చి 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు పోయిన అంబేద్కర్‌కు ఆ ఊర్లో ఎవ్వరూ ఇల్లియ్యలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే కులం తెలిసి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టిన్రు. బాబాసాహెబే చెట్టు కింద కూసోవలసి వచ్చింది. గుడ్డిదీపం కింద చదివిన కూలీ కొడుకుకు ఇయ్యాల ఎవరు ఇల్లిస్తరు?

చట్టం లేదా అంటే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ళ కోసం సర్కారు భూమి తీసుకుంటే భూస్వాములు సుప్రీంకోర్టుకు పోయిన్రు. ఛమేలీ సింగ్ కేసుగా పేరుబడ్డ ఆ కేసులో 1995 డిసెంబరులో వాళ్ళ అప్పీలును కోర్టు కొట్టేసింది. నివాసం బతుకు హక్కులో భాగమని చెప్పింది. 2010లో అదే కోర్టు పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడుగూ తెరిచి ఉండాలని ఆదేశించింది. 2013లో కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్ కింద షెల్టర్ల పథకం పెట్టి, మనిషికి 50 చదరపు అడుగుల జాగా అని రాసింది. 2011 లెక్కల ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ జనం 67 లక్షలు. అంటే ఆనాటి లెక్కకే 67 షెల్టర్లు కావాలె. అవి యాడున్నయో, ఆడోళ్ళకు ఎన్నున్నయో అధికారుల ముందు నిలబడి అడగండి.

అసలు మనం వాళ్ళ లెక్కల్లో ఉన్నమా? 2011 జనగణనలో ఇల్లు లేనోళ్ళను ఒకే ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28న లెక్కపెట్టిన్రు. దేశం మొత్తం 17 లక్షల 73 వేల మంది అన్నరు. ఆ రాత్రి సెక్యూరిటీ గార్డుకు భయపడి సందులో దాక్కున్నోడు లెక్కలో లేడు. 2024 నవంబరులో తెలంగాణలో జరిగిన కులగణన పేరే "ఇంటింటి సర్వే". ముందు ఇంటికి స్టిక్కర్ అంటించిన్రు, తర్వాత మా టీచర్లను వివరాలు రాయమని పంపిన్రు. ఇల్లే లేనోనికి స్టిక్కర్ యాడ అంటిస్తరు?

పథకాల సంగతీ అంతే. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళు మొదటి విడతల సొంత జాగా ఉన్నోళ్ళకే అన్నరు. జాగా లేనోడు కదా ముందుండాల్సింది! ఇల్లు కావాలంటే కార్డు చూపియ్యాలె, కార్డు కావాలంటే అడ్రసు చూపియ్యాలె, అడ్రసుకు ఇల్లుండాలె. ఈ గిరక చుట్టూ తిరిగి తిరిగి మనిషి ముసలోడైతడు.

ఇచ్చిన ఇళ్ళు యాడ ఇచ్చిన్రు? కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ళు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించిన్రు. అది సంగారెడ్డి జిల్లా, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. నగరం నడుమ నాలుగిళ్ళల్ల పాచిపని చేసే అక్క అక్కడి నుంచి పొద్దున ఆరింటికి ఎట్ల వస్తది? ఊర్లో మనల్ని ఊరవతల పెట్టిన్రు, పట్నంలో రింగు రోడ్డు కాడ పెడుతున్నరు. అంతస్తులు పెరిగినంత మాత్రాన వెలివాడ వెలివాడ కాకుండ పోదు. 2024లో మూసీ ఒడ్డున పేదల గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టిన్రు. అప్పటిదాకా ఇల్లున్నోళ్ళు ఆ గుర్తుతోటి ఇల్లు లేనోళ్ళ వరుసలోకి వచ్చిన్రు. ఒక చేత్తో ఇల్లు కూల్చుకుంట ఇంకో చేత్తో షెల్టర్ కడతమంటే నమ్మాలా?

ప్రణాళిక మనకు చాతకాదా? 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను వెంటాడి చంపినప్పుడు బతికినోళ్ళు చీరాలకు వచ్చి శిబిరం పెట్టిన్రు. ఊరికి మళ్ళీ పోము, మాకు ఇక్కడే జాగా కావాలన్నరు. పట్టుబట్టి సాధించుకున్నరు. చీరాలలో విజయనగర్ కాలనీ అట్ల వెలిసింది. కట్టుబట్టలతో వచ్చినోళ్ళు ఏ ఊర్లో, ఏ బతుకు బతకాలో తామే నిర్ణయించుకున్నరు. ప్రణాళిక అంటే అదీ.

కాబట్టి మనం అడిగేది ఇది. ఒకటి, ఇల్లు లేనోళ్ళకు ఇంటి పథకంలో అడ్రసు, కార్డు, సొంత జాగా షరతులు ఎత్తెయ్యాలె. రెండు, పని దగ్గర ఇల్లు చూపియ్యకుండ ఒక్క గుడిసె కూల్చొద్దు, కిరాయికున్నోళ్ళనూ బాధితులుగా రాయాలె. మూడు, కులం అడిగి ఇల్లు కిరాయికియ్యనోని మీద కేసు పెట్టే చట్టం రావాలె. నాలుగు, షెల్టర్ల కమిటీల్లో ఫుట్‌పాత్ మీద బతికేటోళ్ళే, అందులో సగం ఆడోళ్ళే కూసోవాలె. ఐదు, ప్రతి వాడకు భూమి, ఇంటి జాగా ఇయ్యాలె. ఈ ఐదోది లేకుంటే మొదటి నాలుగు చిల్లికుండల పోసిన నీళ్ళే.

కార్యకర్తలారా! 2027 జనగణనలో కులం కూడా లెక్కపెడతమని కేంద్రం ప్రకటించింది. ఇల్లు లేనోళ్ళను లెక్కపెట్టే రాత్రి మీరు ఇండ్లల్ల పండొద్దు. ప్రతి బస్టాండు, ప్రతి రైల్వే స్టేషన్, ప్రతి పెద్దాసుపత్రి మెట్ల కాడ ఉండండి. ఒక్క మనిషి కూడా లెక్క తప్పకుండ పేరు, ఊరు, కులం రాయించండి. ఊర్లల్ల ఉన్నోళ్ళు మీ వాడ నుంచి ఎంతమంది వలస పోయిన్రో, ఎన్ని గుడిసెలకు తాళాలు పడ్డయో ఇప్పటి నుంచే రాసి పెట్టండి. రేపు సర్కారు ముందు మన లెక్క మన చేతిలో ఉండాలె.

జై భీమ్!